మా ఇంటి సూది ఆవిడ చేతిలో గుచ్చుకుంది. చెత్త సంచి కట్టేటప్పుడు మీరేం చేస్తున్నారు?

విభాగం: ఊరూ వాడా (ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్)

సిల్క్‌సిటీ వాణి (బరంపురం)
ఆదివారం, రాత్రి 9:40

మా నాన్నగారికి షుగరు. రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటారు. వాడిన సూదికి మూత పెట్టి, ఖాళీ పాల కవర్లో వేసి, మిగతా చెత్తతో పాటు పడేయడం మాకు ఏళ్ల నాటి అలవాటు. మూత పెట్టాం కదా, ఇంకేం భయం అనుకునేవాళ్లం.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి విజిల్ వినబడింది. సంచి గుమ్మం ముందు పెట్టాను. మా వీధికి వచ్చే స్వచ్ఛ సాథి (ఇంటింటి చెత్త తీసుకెళ్లే ఆవిడ) తెలుగావిడే, టెక్కలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. సంచి తడిసి బరువుగా ఉందని అడుగున చెయ్యి వేసి ఎత్తారు. వెంటనే "అమ్మా" అని చెయ్యి లాగేసుకున్నారు. బొటనవేలి కింద కండలో సూది దిగింది. మూత ఎప్పుడు ఊడిందో తెలీదు.

నేను కంగారుగా లోపలికి పరుగెత్తి పసుపు తెచ్చి అద్దాను. ఆవిడ "ఏం కాదులెండమ్మా, ఇలాంటివి మాకు మామూలే" అని తోపుడుబండి తోసుకుంటూ వెళ్లిపోయారు. ఆ "మామూలే" అన్న మాట నాకు రెండు రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు. నిన్న, ఇవాళ వేరే ఆవిడ వచ్చారు. సూది గుచ్చుకున్న ఆవిడకి జ్వరమేమైనా వచ్చిందా అని టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు ఏం చెయ్యాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

నర్సమ్మ (రాయగడ)
ఆదివారం, రాత్రి 9:58

వాణి గారూ, మిగతా సంగతులన్నీ తర్వాత. ముందు గడియారం చూడండి. శుక్రవారం ఏడింటికి గుచ్చుకుంటే రేపు పొద్దున్న ఏడింటికి 72 గంటలు నిండుతాయి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఆ 72 గంటల లోపే మొదలుపెట్టాలి. మొదటి రెండు గంటల్లో అయితే ఇంకా మంచిది. ఆ తర్వాత 28 రోజులు వాడాలి. అందరికీ అవసరం పడదు, అది డాక్టరుగారే తేలుస్తారు. కానీ ఆ నిర్ణయం జరగడానికైనా ఆవిడ ఈ రాత్రికే అక్కడ ఉండాలి. మీకు ఊళ్లోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. క్యాజువాల్టీకి వెళ్లి "వాడిన సూది గుచ్చుకుంది" అని ఆ మాటే చెప్పండి.

ఇంకో ముఖ్యమైన విషయం. మామూలుగా చెత్తలో సూది గుచ్చుకుంటే అది ఎవరు వాడిందో తెలీదు. ఇక్కడ తెలుసు. మీ నాన్నగారిని కూడా తీసుకెళ్లండి. ఆయన రక్తంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేస్తే సగం ఆందోళన అక్కడే తీరుతుంది.

సిల్క్‌సిటీ వాణి (బరంపురం)
ఆదివారం, రాత్రి 10:06

ఆవిడ ఇల్లు ఎక్కడో నాకు తెలీదు. నాలుగేళ్లుగా మా గుమ్మానికి వస్తున్నారు, ఇల్లు తెలీదు. మా వార్డు కార్పొరేటరుగారికి ఫోన్ చేస్తున్నాను.

బహుదా గట్టు (ఇచ్ఛాపురం)
ఆదివారం, రాత్రి 10:11

సూపర్‌వైజరు నంబరు మీ వీధిలో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది, కిరాణా కొట్టులో అడగండి. మేం సరిహద్దుకు ఇవతల ఉన్నా అరగంటలో రాగలం. బండి కావాలంటే చెప్పండి.

సిల్క్‌సిటీ వాణి (బరంపురం)
సోమవారం, తెల్లవారుజాము 2:35

దొరికారు. ఇంట్లోనే ఉన్నారు. రెండు రోజులు రాకపోవడానికి కారణం మనవరాలి అన్నప్రాశన. తలుపు తీసి మమ్మల్ని చూసి భయపడ్డారు. ఏదో తప్పు జరిగిందని, పని తీసేస్తారని అనుకున్నారట. విషయం చెబితే "దీనికి ఇంత రాత్రి వచ్చారా" అన్నారు.

నాన్నగారికి మూడు పరీక్షలూ చేశారు. ఏమీ లేదు. అందువల్ల ఆవిడకి 28 రోజుల మందులు అవసరం లేదన్నారు. టీటీ ఇంజెక్షన్ ఇచ్చారు. హెపటైటిస్ బి టీకా ఇంతవరకూ వేసుకోలేదంటే మొదటి డోసు ఈ రాత్రే వేశారు. నర్సమ్మ గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలీడం లేదు.

నర్సమ్మ (రాయగడ)
సోమవారం, ఉదయం 6:20

నైట్ డ్యూటీ దిగి ఇది చదివాను. మనసు కుదుటపడింది. రెండో డోసు నెలకి, మూడోది ఆరు నెలలకి. మూడూ పూర్తవ్వాలి, ఒకటి వేసుకుని ఊరుకుంటే లాభం లేదు.

ఇక్కడ చదివే అందరి కోసం కొంచెం వివరంగా రాస్తాను. హెచ్‌ఐవీ ఉన్న మనిషికి వాడిన సూది గుచ్చుకుంటే వెయ్యి మందిలో ముగ్గురికి సోకే అవకాశం ఉంటుంది. హెపటైటిస్ బి అలా కాదు. టీకా వేసుకోని వాళ్లలో నూటికి ఆరు నుంచి ముప్ఫై మంది దాకా సోకవచ్చు. అంటే మనం ఎక్కువగా భయపడే జబ్బు కంటే, అసలు తలుచుకోని జబ్బే ఎన్నో రెట్లు సులువుగా అంటుకుంటుంది. పైగా దానికి టీకా ఉంది. చెత్త ఎత్తే ప్రతి ఒక్కరికీ పనిలో చేరిన రోజే ఆ టీకా మొదలవ్వాలి.

గుచ్చుకున్న వెంటనే చెయ్యాల్సింది: ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. పిండకూడదు. వేలు నోట్లో పెట్టుకోకూడదు, అలవాటుగా చాలామంది అదే చేస్తారు. వాణి గారూ, మీరు ప్రేమతోనే అద్దారు కానీ పసుపు, సున్నం, కిరసనాయిలు ఏదీ పనికిరాదు. కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

కొత్తవీధి రావు (బరంపురం)
సోమవారం, ఉదయం 8:45

ఆవిడకి ఏమీ కానందుకు సంతోషం. ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మునిసిపాలిటీ వాళ్లు గ్లౌజులు ఇస్తారు కదా. మా వీధిలో చూస్తే అవి బండి హ్యాండిల్‌కి వేలాడుతూ ఉంటాయి. ఇచ్చినవి వేసుకోకపోతే ఎలా?

కాశీనగర్ చెల్లాయి
సోమవారం, మధ్యాహ్నం 1:30

రావు గారికి నేను జవాబు చెబుతాను. మా అమ్మ పదహారేళ్లుగా ఈ పని చేస్తోంది. నేను డిగ్రీ చదువుతున్నాను.

గ్లౌజులు ఇస్తారు, నిజమే. ఒకటే సైజు, మగవాళ్ల చేతికి సరిపోయేది. మా అమ్మ చెయ్యి చిన్నది. అవి వేసుకుంటే వేళ్ల చివర రెండు అంగుళాల రబ్బరు ఖాళీగా ఊగుతుంది. ఆ చేత్తో సంచి ముడి పట్టు దొరకదు, జారిపోతుంది. జారితే వీధిలో చెత్త పడుతుంది, ఇంటివాళ్లు కేకలేస్తారు. మే నెలలో లోపల చెమట పట్టి చర్మం నానిపోతుంది, గోళ్ల పక్కన పుండ్లు పడతాయి. అందుకే హ్యాండిల్‌కి వేలాడతాయి. బూట్లదీ అదే కథ.

ఇంకో సంగతి. ఆ పల్చటి రబ్బరు తడినీ మురికినీ ఆపుతుంది. సూదిని ఆపదు. గాజు పెంకును కూడా ఆపదు. మా అమ్మ కుడిచేతి మీద ఉన్న ఏడు మచ్చల్లో మూడు గ్లౌజు ఉండగా తెగినవే. సూదీ గాజూ మీ ఇంట్లో సంచి కట్టేటప్పుడు ఆపితేనే ఆగుతాయి.

సంచి ఎలా ఇస్తారో కూడా చెప్పాలి. చాలా ఇళ్లలో మా అమ్మ చేతికి ఇవ్వరు. చెయ్యి తగులుతుందేమోనని గేటు పక్కన కింద పెట్టి లోపలికి వెళ్లిపోతారు. కింద పెట్టిన సంచిని వంగి, అడుగున చెయ్యి వేసి ఎత్తాలి. వాణి అక్క ఇంటి దగ్గర జరిగింది కూడా అదే. మెడ పట్టుకుని చేతికి అందిస్తే అడుగున చెయ్యి వెయ్యాల్సిన పనే లేదు. పైగా ఎదురుగా మనిషి ఉంటే "ఇందులో గాజు ఉందమ్మా, చూసుకో" అని ఒక మాట చెప్పే వీలుంటుంది.

కొత్తవీధి రావు (బరంపురం)
సోమవారం, మధ్యాహ్నం 2:15

సైజు గురించి నాకు తెలీదమ్మా. తెలియకుండా తప్పు పట్టాను, క్షమించు. మేం కూడా కిందే పెడతాం. రేపటి నుంచి చేతికి ఇస్తాం.

బహుదా గట్టు (ఇచ్ఛాపురం)
సోమవారం, రాత్రి 8:10

సరే, సూదులు మరి ఎక్కడ వెయ్యాలి? మా అత్తగారికీ ఇన్సులినే. మినరల్ వాటర్ సీసాలో వేస్తే సరిపోతుందా?

నర్సమ్మ (రాయగడ)
సోమవారం, రాత్రి 9:05

వద్దు. ఆ సీసా పల్చగా ఉంటుంది, బండిలో నలిగితే సూది బయటికి వస్తుంది. ఫినాయిల్, బట్టల లిక్విడ్, టాయిలెట్ క్లీనర్ వచ్చే మందపాటి సీసా తీసుకోండి, మరమూత ఉండాలి. ముందు బాగా కడిగి ఆరబెట్టండి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టే ప్రయత్నం చెయ్యకండి, ఇంట్లోవాళ్లకి గుచ్చుకునేది ఎక్కువగా అప్పుడే. సూదిని నేరుగా సీసాలో వేసి మూత బిగించండి. ముప్పాతిక నిండగానే మూత చుట్టూ టేపు వేసేయండి, పైదాకా కుక్కవద్దు. పిల్లలకి అందని చోట పెట్టండి.

నిండిన సీసాని మామూలు చెత్తలో కలపకూడదు. 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లోనే ఇంట్లో వాడిన సూదులు, కాలం తీరిన మందులు, ట్యూబులైట్లు, బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు వేరే రకంగా రాశారు. వాటిని విడిగా ఇవ్వాలి. సేకరించే మనిషి చేతికి "ఇది సూదుల సీసా" అని చెప్పి ఇవ్వండి. ఆసుపత్రుల్లో సూదుల కోసం తెల్లటి, గుచ్చుకోని డబ్బాలు ఉంటాయి. మీరు చూపించుకునే డాక్టరుగారిని అడగండి, కొందరు తీసుకుంటారు. మా ఆసుపత్రి వార్డులో తెలిసినవాళ్లు తెచ్చి ఇస్తే నేను ఆ డబ్బాలో వేయిస్తాను.

మహేంద్రతనయ మాస్టారు (పర్లాకిమిడి)
మంగళవారం, ఉదయం 6:50

సీసా మీద ఏమని రాస్తారు? ఈ ప్రశ్న చిన్నది కాదు. మన ఇళ్లలో చాలామంది తెలుగులో రాసి అంటిస్తారు. మా వీధికి వచ్చే కుర్రాడు ఒడియావాడు, తెలుగు అక్షరం రాదు. అతనికి "గాజు" అంటే తెలీదు, "కాచ" అంటే తెలుసు. "సూది" అంటే తెలీదు, "ఛుంచి" అనాలి. బరంపురంలో తెలుగావిడ వస్తే ఒడియాలో రాసి లాభం లేదు. అసలు చదువు రానివాళ్లూ ఉన్నారు.

అందుకని మా తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒక పని చేయించాను. అక్షరాలు లేవు. ఎర్ర స్కెచ్ పెన్‌తో పెద్ద ఇంటూ గుర్తు, కింద సూది బొమ్మ లేదా పగిలిన గ్లాసు బొమ్మ. నలభై కాగితాలు గీసి ఇళ్లకి పట్టుకెళ్లారు. పిల్లలు చెబితే పెద్దవాళ్లు ఇట్టే వింటారు.

గాజు గురించి కూడా చెబుతాను. మా ఊరికి 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. పలాస దగ్గర తీరం దాటి మా మీదుగా వెళ్లింది. ఆ తర్వాత పది రోజులు వీధుల్లో ఎత్తిందంతా పెంకులు, మేకులు, విరిగిన సిమెంటు రేకులు. ఎత్తినవాళ్లలో సగం మందికి చెప్పుల్లేవు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. విరగ్గొడితే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి ఏళ్ల తర్వాత జబ్బు తెస్తుంది. వాటిని నీళ్లతో తడిపి, ముక్కలు చెయ్యకుండా ఎత్తాలి. ఆ రోజు నాకు ఆ సంగతి తెలీదు. మా ఇంటి రేకుల్ని నేనే సుత్తితో కొట్టి చిన్న ముక్కలు చేసి పెట్టాను, మొయ్యడానికి తేలిక అవుతుందని. వాళ్లకి సాయం చేస్తున్నాననుకున్నాను. ఇప్పటికీ ఆ దుమ్ము గుర్తొస్తుంది.

స్టీరింగు బావు (గునుపురం)
మంగళవారం, రాత్రి 9:30

నేను చెత్త ట్రాక్టరు నడుపుతాను. రోజూ ఇక్కడ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి.

మీరంతా సంచి లోపల ఉన్నదాని గురించి రాశారు. నాకు రోజూ గుండె దడ పుట్టించేది రివర్సు. మా వీధులు సన్నం, తిప్పుకునే చోటు ఉండదు. సందు చివరికి వెళ్లాక వెనక్కే రావాలి. డబ్బా ఎత్తుగా ఉంటుంది, వెనక ఏముందో కనబడదు. మనవాళ్లు ట్రాక్టరు వెనక నిలబడి సంచి విసురుతారు. పిల్లలు వెనక వేలాడతారు. నా హెల్పరు ముందు దిగి, నా అద్దంలో కనబడే చోట నిలబడి చెయ్యి ఊపితేనే నేను కదులుతాను. అతను కనబడకపోతే ఆపేస్తాను, ఎన్ని హారన్లు కొట్టినా సరే. అతను నాకు కనబడడం లేదంటే నేను అతన్ని తొక్కేయొచ్చని అర్థం. స్కూలు పిల్లలు నడిచే టైములో ఆ సందులోకి అసలు వెళ్లను, పని అరగంట ఆలస్యమైనా.

వెనక కమ్మీ పట్టుకుని వేలాడుతూ వెళ్లడం మా దగ్గర మానిపించాం. నా ముందు నడిపిన ఆయన టైములో ఒకతను గుంతలో కుదుపుకి పడ్డాడు, కాలు విరిగింది. ఇప్పుడు దూరం అయితే ఎవరైనా ముందు సీటులోకి రావాలి, లేకపోతే నడవాలి.

ఇళ్లవాళ్లకి నా మనవి: బండి పూర్తిగా ఆగాక రండి. ఎడమ పక్క నుంచి, హెల్పరు చేతికి ఇవ్వండి. మేడ మీద నుంచి సంచి విసరొద్దు.

కోరాపుట్ కొండగాలి
బుధవారం, ఉదయం 7:15

బావుగారు చెప్పింది బాగుంది. మా వైపు ఇంకో ప్రమాదం ఉంది. డిసెంబరు, జనవరిలో ఇక్కడ చలి ఎముకలు కొరుకుతుంది. రాత్రి నెగడు వేసుకుంటారు, పొద్దున్నే ఆ బూడిద చెత్త డబ్బాలో పోస్తారు. పైకి చల్లగా కనబడుతుంది, లోపల నిప్పు ఉంటుంది. కిందటి ఏడాది బ్యాటరీ బండిలో చెత్త అంటుకుంది. నడిపే అమ్మాయి దూకేసింది, దెబ్బ తగల్లేదు. బూడిద మీద నీళ్లు చల్లి, ఒక రోజు ఉంచి, అప్పుడు ఇవ్వాలి.

ఉబ్బిన ఫోన్ బ్యాటరీలు, పాడైన పవర్ బ్యాంకులు కూడా అంతే. బండిలో నలిగినా, పొడుచుకున్నా వాటంతట అవే మండుతాయి. నీళ్లు పోసినా మళ్లీ రాజుకుంటాయి. పేలని దీపావళి సామాను అయితే బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి ఇవ్వండి.

వీధి చివర చెత్తకి అగ్గిపుల్ల గీసేవాళ్లకి కూడా చెప్పాలి. ఆ కుప్పలో సెంటు డబ్బా ఉంటే బాంబులా పేలుతుంది. చెత్త బయట తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 జరిమానా వెయ్యాలని హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది.

ధర్మాబాద్ లత (నాందేడ్ జిల్లా)
బుధవారం, మధ్యాహ్నం 3:40

నేను మహారాష్ట్ర సరిహద్దు నుంచి. మీ జిల్లాల చర్చలోకి వచ్చినందుకు ఏమీ అనుకోకండి, ఆడవాళ్లం మాట్లాడుకోవాల్సిన సంగతి ఒకటి ఉండిపోయింది. ప్యాడ్లు, డైపర్లు. సిగ్గుపడి నల్ల కవర్లో చుట్టి పడేస్తాం. చెత్త వేరుచేసే షెడ్డులో ఆ కవరు ఏమిటో తెలీక ఎవరో ఒక ఆడమనిషి చేతులతో విప్పుతుంది. పుణె, బెంగళూరు ఇళ్లలో న్యూస్‌పేపర్లో చుట్టి దాని మీద ఎర్ర చుక్క పెడతారు. మా చెల్లెలు పుణెలో ఉంటుంది, అక్కడ నేర్చుకుని మాకూ చెప్పింది. చుక్క కనబడితే విప్పకుండానే పక్కన పెట్టేస్తారు. మా ఇంట్లో బాత్‌రూమ్ అలమరలో పాత పేపర్లు, ఎర్ర పెన్ను ఎప్పుడూ ఉంటాయి. మా అబ్బాయికి కూడా తెలుసు అవి ఎందుకో.

కాశీనగర్ చెల్లాయి
బుధవారం, రాత్రి 8:25

లతక్కా, ఈ మాట ఎవరైనా అంటారా అని చూస్తున్నాను. అమ్మకి చదివి వినిపించాను. "ఆ చుక్క పెడితే చాలే" అంది.

ఎండ గురించి కూడా రాస్తాను. 1998 వడగాడ్పుల్లో ఒడిశాలో రెండు వేల మందికి పైగా పోయారు. ఆ తర్వాతే ఎండాకాలం మధ్యాహ్నం బయట పనులు ఆపించడం మొదలైంది. చెత్త పని పొద్దున్న ఆరింటికి మొదలవుతుంది. కానీ విజిల్ వేశాక ప్రతి ఇంటి ముందూ ఒకటి రెండు నిమిషాలు నిలబడితే, రెండు వందల ఇళ్లు తిరిగేసరికి ఎన్నింటవుతుందో లెక్క వేయండి. మా అమ్మ పన్నెండున్నరకి ఇల్లు చేరిన రోజులు ఉన్నాయి. దారిలో నీళ్లు తాగదు, ఎందుకంటే బాత్‌రూమ్‌కి ఎక్కడికి వెళ్తుంది? వీధిలో ఒక్క ఇల్లు వాళ్ల బయటి బాత్‌రూమ్ వాడుకోనిస్తే చాలు. ఇప్పుడు ఒకరు ఇస్తున్నారు. ఆ వీధి వచ్చేదాకా అమ్మ ఓర్చుకుంటుంది.

కొత్తవీధి రావు (బరంపురం)
బుధవారం, రాత్రి 9:10

మా ఇంటి బయట ఒకటి ఉంది, తాళం వేసి ఉంచాం. రేపు తీస్తాను. కుళాయి బాగుచేయించాలి.

సిల్క్‌సిటీ వాణి (బరంపురం)
ఐదు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

ఈ చర్చని మళ్లీ పైకి తెస్తున్నాను. ఆవిడకి రెండో డోసు నిన్న వేయించాం. మూడోదాని తేదీ మా క్యాలెండర్లో రాసి పెట్టాను, నాన్నగారు రోజూ దాన్ని చూసి "ఇంకా ఎన్నాళ్లు" అని అడుగుతున్నారు. ఆవిడతో పాటు మా వార్డులో ఇంకో నలుగురు మొదటి డోసు వేసుకున్నారు.

మా వీధిలో ఇన్సులిన్ వాడే ఇళ్లు తొమ్మిది అని తేలింది. ఇన్నాళ్లూ ఎవరికీ తెలీదు. అందరికీ మందపాటి సీసాలు, మాస్టారుగారి బొమ్మ కాగితాలు ఇచ్చాం. ఒక డాక్టరుగారు నిండిన సీసాలు తీసుకుంటానన్నారు. రెండిళ్లు ఒప్పుకోలేదు, "మూత పెడుతున్నాం కదా" అంటున్నారు. మళ్లీ వెళ్తాను, ఈసారి నాన్నగారిని తీసుకుని.

గ్లౌజుల సంగతి. ఊరంతా తిరిగాను, చిన్న సైజు దొరకలేదు. చివరికి హార్డ్‌వేర్ కొట్టాయన ఒక మాట చెప్పాడు: తోటపనికీ గాజు పనికీ వాడే రకం ఉంటుంది, వెనక నూలు అల్లిక, అరచేతి వైపు గట్టి రబ్బరు పూత. వెనక నుంచి గాలి ఆడుతుంది, పట్టు జారదు. సూదిని ఆపుతుందని ఆయన చెప్పలేదు, గాజు కోతకి మాత్రం చాలా నయం అన్నాడు. ఏడో నంబరు, ఎనిమిదో నంబరు తెప్పించాడు. మన స్వచ్ఛ సాథి ఏడో నంబరు వేసుకుని, సంచి మెడ పట్టుకుని, ముడి విప్పి, మళ్లీ కట్టి చూశారు. "ఇది నా చెయ్యే" అన్నారు.

చెల్లాయీ, మీ అమ్మగారి అరచేయి కాగితం మీద పెట్టి గీసి, చుట్టుకొలత పంపు. బొటనవేలు వదిలేసి, మిగతా వేళ్ల మొదట్లో దారం చుట్టి కొలవాలట.

కాశీనగర్ చెల్లాయి
ఆదివారం, రాత్రి 7:05

ఏడంగుళాలు అక్కా. అమ్మతో పాటు పనిచేసే ఆరుగురివీ కొలుస్తున్నాను. ఇద్దరికి ఆరున్నరే వస్తోంది, ఆ సైజు ఉంటుందేమో కొట్టాయన్ని అడగవా?